పురిటికొచ్చిన కొంగలు

మా కాశీబుగ్గకి చుట్టాలొస్తే రెండే రెండు ప్రశ్నలు వేస్తారు. జీడిపప్పు కిలో ఎంత? సైబీరియా నుంచి పక్షులొస్తాయట కదా, ఎక్కడ?

మొదటిదానికి జవాబు తేలికే. గుండు ఒక ధర, బద్ద ఒక ధర, ముక్క ఒక ధర. పాయసంలోకి, ఉప్మాలోకి ముక్క చాలు, అనవసరంగా గుండు కొనకండి అని చెప్పి పంపిస్తాను. రెండోదానికి కూడా చాలా ఏళ్లు ఒకటే జవాబు చెప్పేదాన్ని. "తేలినీలాపురం. అవునండీ, సైబీరియా నుంచే, ఎన్ని వేల మైళ్లో ఎగురుకుంటూ వస్తాయి పాపం" అని. అందరూ చెప్పేదే నేనూ చెప్పాను. అది తప్పని తెలిశాక ఈ నాలుగు ముక్కలూ రాయాలనిపించింది.

ముందు ఊరు సంగతి. పలాస నుంచి బస్సులో టెక్కలి వెళ్లి అక్కణ్ణుంచి ఆటో ఎక్కొచ్చు. లేదా పాసింజరులో నౌపడ జంక్షన్లో దిగొచ్చు. నాకు రైలే ఇష్టం. పూండి దాటాక కిటికీలోంచి కొబ్బరిచెట్లు, జీడితోటలు, ఆ తర్వాత నేల తడితడిగా మారిపోయి నౌపడ ఉప్పు మడులు, తంపర నేలలు కనిపిస్తాయి. ఉద్దానం అంటే ఉద్యానం అనే మాటే అరిగిపోయి అలా అయిందంటారు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను వచ్చాక ఆ మాట అనటానికి కొన్నాళ్లు నోరు రాలేదు. ఇంటికి పెద్దకొడుకులా సంపాదించి పెట్టే కొబ్బరిచెట్లు లక్షల్లో నేలకొరిగాయి. ఇప్పుడు మళ్లీ మొక్కలు ఎదుగుతున్నాయి. కొబ్బరి చేతికి రావాలంటే ఎన్నేళ్లు పడుతుందో పెరట్లో ఒక్క చెట్టున్న వాళ్లకైనా తెలుసు.

తేలినీలాపురం చూడటానికి మామూలు పల్లెటూరే. ఇళ్ల మధ్య చింతచెట్లు, ఇంకా ఏవేవో పెద్ద చెట్లు. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పక్షులు దిగటం మొదలవుతుంది. గూళ్లు కట్టుకుని, గుడ్లు పెట్టి, పిల్లల్ని పెంచుకుని, మార్చి ఏప్రిల్ కల్లా వెళ్లిపోతాయి. ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి గూడబాతు, ముక్కు కింద సంచీ వేలాడే పెద్దపక్షి. రెండోది రంగుల కొంగ, ఇంగ్లీషులో పెయింటెడ్ స్టార్క్ అంటారు. పసుపు ముక్కు, నారింజ రంగు తల, నలుపు తెలుపు రెక్కలు, తోక దగ్గర మాత్రం లేత గులాబీ ఈకలు. పెళ్లివారింట్లో పట్టుచీర కొంగు కనబడీ కనబడనట్టు ఉంటుంది ఆ గులాబీ. అటవీశాఖ వాళ్లు అక్కడ ఎత్తయిన వాచ్ టవరు కట్టారు. దానిమీంచి చూస్తే గూళ్లు కళ్లకి సమానంగా వస్తాయి.

పక్కా టూరిస్టు స్థలమేమో, కాఫీ హోటళ్లుంటాయేమో అనుకుని వెళ్లకండి. ఇంటినుంచే పులిహోర, మంచినీళ్లు పట్టుకెళ్లండి. ఇంకో మాట, గొడుగు మర్చిపోవద్దు. ఎండకి కాదు, పైనుంచి పడేదానికి. నేను మొదటిసారి లేత నీలం గద్వాలు చీర కట్టుకుని వెళ్లాను. ఆ చీర సంగతి అడక్కండి.

ఆ మొదటిసారే నేను చేసిన పాపమొకటి చెప్పాలి.

మా మరిది కొత్తగా కెమెరా కొన్నాడు, దూరం దగ్గర చేసే పెద్ద లెన్సుతో సహా. నాకు ఫోటోల పిచ్చి ముందునుంచీ ఉంది. రెండు రోజులకని అడిగి తీసుకున్నాను. జనవరి నెల, ఉదయం పదిన్నర. చింతచెట్టు మీద పదిహేను గూళ్లు. తల్లులన్నీ కూర్చునే ఉన్నాయి. ఎన్ని తీసినా ఒకటే ఫోటో, తెల్లగా ఒక ముద్ద, దానికో ముక్కు. రెక్కలు విప్పిన ఫోటో ఒక్కటైనా లేకుండా ఇంటికెలా వెళ్లను? వెంట వచ్చిన మా ఆడపడుచు కొడుకుతో అన్నాను, "ఒరేయ్, చెట్టుకిందకెళ్లి గట్టిగా చప్పట్లు కొట్టరా" అని. వాడు పదేళ్లవాడు, చెప్పటమే ఆలస్యం.

చెట్టంతా ఒక్కసారి లేచింది. నాకు కావలసిన ఫోటో దొరికింది, చాలా బాగా వచ్చింది కూడా. ఎనిమిది కొంగలు, రెక్కల అంచుల్లోంచి ఎండ. ఆనందంతో కెమెరా దించేలోపు ఒక కాకి వచ్చి గూటి అంచున వాలింది. తర్వాత ఇంకోటి. రెండు పొడుపులు పొడిచి, ముక్కున ఏదో కరుచుకుని ఎగిరిపోయింది. అదేమిటో అర్థం కావటానికి నాకు అర నిమిషం పట్టింది.

ఎదురింటి అరుగుమీంచి ఒకావిడ లేచి వచ్చింది. ఏభై ఏళ్లుంటాయేమో. అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"ఏటమ్మా, ఇంట్లో పురిటి మంచం మీదున్న పిల్లని ఇలాగే లేపేత్తావేటి? ఆ కాకి పొద్దున్నుంచీ కాసుకు కూకుంది. నువ్వు దానికి తలుపు తీసేవు."

నా మొహం మాడిపోయింది. "తెలీక చేశానప్పా" అన్నాను. మా ఇళ్లలో అక్కని అప్ప అంటాం, నోటికి అదే వచ్చింది. ఆవిడ కాస్త మెత్తబడి, "రా, నీడన కూకో. ఆల్లు దిగుతారో లేదో సూద్దువుగాని" అంది. పక్షుల్ని ఆవిడ 'ఆల్లు' అంటుంది, మనుషుల్ని అన్నట్టే.

అవి దిగాయి. కానీ వెంటనే కాదు. పావుగంట పైన చెట్టుచుట్టూ తిరిగి, ఒక్కొక్కటే గూడు చూసుకుని దిగాయి. పావుగంట ఎండ అంటే ఏమిటో నాకప్పుడు తెలీదు. తర్వాత చదివి తెలుసుకున్నాను. ఈ కొంగ మూడు నాలుగు గుడ్లు పెట్టి, ఆలుమగలు వంతులేసుకుని నెల్లాళ్లు పొదుగుతాయి. పిల్లలు పుట్టాక కూడా వాటి ఒంటిమీద ఈకలు సరిగ్గా రావు. పైన కప్పులేదు, ఆకులు కూడా ఈ పక్షుల బరువుకి, రెట్టలకి రాలిపోయి ఉంటాయి. అందుకని తల్లో తండ్రో ఎండకి వీపు పెట్టి, రెండు రెక్కలూ సగం విప్పి గొడుగులా నిలబడుతుంది. గంటలకొద్దీ. నోట్లో నీళ్లు పట్టుకొచ్చి పిల్లల నోట్లో వదులుతుంది. ఆ మనిషి లేకపోతే పిల్లలు వడదెబ్బకే పోతాయి, కాకి దాకా అక్కర్లేదు. మనం సరదాకి కొట్టిన చప్పట్ల ఖరీదు అది.

ఆ ఫోటో మా మరిదికి చూపించాను. ఎన్లార్జ్ చేయించి ఫ్రేము కట్టిద్దాం వదినా అన్నాడు. వద్దన్నాను. ఇప్పటికీ ఎక్కడో కంప్యూటర్లో ఉంది.

ఆ తర్వాత ప్రతి శీతకట్టుకీ ఒకటి రెండుసార్లు వెళ్తూనే ఉన్నాను. అప్ప ఇంటి అరుగే నా ఆస్థానం. ఆవిడ పనస పిక్కలు చారులో వేసి వండిపెడితే తిన్న రోజులూ ఉన్నాయి. (పచ్చి జీడిపప్పుతో పనసపొట్టు ఆవిడ చేసినట్టు నాకు ఇంతవరకూ కుదరలేదు. ఆవ నూరి పెట్టటంలో ఏదో కిటుకుంది, ఎన్నిసార్లడిగినా "అలాగే ఏసేత్తాం" అంటుంది తప్ప కొలత చెప్పదు.)

అరుగుమీద కూర్చుంటే తెలిసింది, ఈ పక్షులు ఊరికి ఎంత ముద్దో అంత బరువు కూడా. అప్ప పెరట్లో చింతచెట్టు ఆవిడ అత్తగారి నాటిది. ఒకప్పుడు ఇంటికి సరిపోగా పది ఇళ్లకి పంచేవారట. పక్షులు గూళ్లు కట్టే కొమ్మల కాయ చేతికి రాదు, రెట్టలతో పాడవుతుంది. "సింతసెట్టు పెరట్లో పెట్టుకుని టెక్కలి సంతలో సింతపండు కొనేది నానొక్కదాన్నే" అని నవ్వుతుంది. కర్ణాటకలో కొక్కరె బెళ్లూరు అని ఇలాంటి ఊరే ఉంది. అక్కడ కూడా ఇవే గూడబాతులు, ఇవే రంగుల కొంగలు, అవే చింతచెట్లు. చెట్టు యజమానికి చింతకాయ నష్టానికి ఎంతో కొంత సొమ్ము అటవీశాఖ ఇచ్చే ఏర్పాటు చేశారు. ఆ సంగతి అప్పకి చెప్తే "ఆల్లకి ఇత్తే ఇచ్చేర్లే" అని ఊరుకుంది.

ఆరు నెలలు వాకిట్లో బట్టలారేయటానికి లేదు. నూతి మీద, తొట్టి మీద రేకు కప్పాల్సిందే. గాలి తిరిగితే చేపల కంపు, ఇల్లంతా. కొత్తవాళ్లు ముక్కు మూసుకుంటారు. పెద్దకొంగలకి గొంతే లేదన్నట్టు ఉంటాయి, ముక్కులు టకటకలాడించటమే. పిల్లలు మాత్రం రాత్రీ పగలూ గోల.

ఇంతలో ఆవిడ రెండో కూతురు పురిటికొచ్చింది. సరిగ్గా జనవరిలోనే. బిడ్డ పుట్టిన పదకొండో రోజున వియ్యాలవారు వచ్చారు. వాకిట్లో అడుగుపెడుతూనే అత్తగారు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుందట. ఇలాంటి చోట పచ్చి బాలింతని, పసిగుడ్డుని ఎలా ఉంచుతారు, వచ్చే ఏడాదికైనా ఇంటిమీదికొచ్చిన కొమ్మలు కొట్టించెయ్యండి, అవి వేరే చెట్టు చూసుకుంటాయి అని అన్నారట. అల్లుడూ అదే మాట. ఆడపిల్ల తల్లి వియ్యాలవారికి ఎదురు చెప్పటమంటే మాటలా! ఆ రోజు కాదు, మర్నాడు నేను వెళ్లాను. అప్ప కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఏం చేద్దామనుకుంటున్నావప్పా?"

"ఏటి సేత్తాను? పిల్లనీ బిడ్డనీ నౌపడ మా సెల్లి ఇంటికి పంపేసినాను. మూడోనెల ఎల్లేదాకా ఆడే ఉంటాది."

"కొమ్మలు?"

"కొమ్మలేటి కొడతాను? నా కూతురికి సెల్లి ఇల్లుంది. ఆల్లకేటుంది?"

నేనేమీ అనలేకపోయాను. వియ్యాలవారన్నదీ పూర్తిగా తప్పని నాకనిపించలేదు. నా కూతురైతే నేనేం చేసేదాన్నో! ఆ ఏడాదంతా అప్ప మనవణ్ణి చూడటానికి నౌపడ నడిచి వెళ్లొచ్చేది.

ఇప్పుడు సైబీరియా మాటకొద్దాం. అందరూ అంటారు, పేపర్లో కూడా చూసి ఉంటారు. కానీ గూడబాతుగానీ రంగుల కొంగగానీ సైబీరియా మొహం చూసినవి కావు. రెండూ మన దక్షిణాసియా, ఆ పక్క దేశాల పక్షులు. చెరువులు, ఏటిముఖాలు, వరిచేలు వెతుక్కుంటూ మన దేశంలోనే ఊరూరూ తిరుగుతాయి. చలిదేశాల నుంచి వచ్చేవి వేరే ఉన్నాయి. నౌపడ మడుల్లో, బురదలో సన్నకాళ్లతో పరుగులు తీసే ఉల్లంకి పిట్టల్లాంటివి. అవి ఇక్కడికి తిండికి వస్తాయి, గూడు కట్టవు, వేసవి రాగానే ఉత్తరాదికి పోయి అక్కడ పిల్లల్ని కంటాయి. ఏ పక్షికైనా సొంతూరంటే గూడు పెట్టిన చోటే కదా. ఆ లెక్కన తేలినీలాపురం కొంగలు చుట్టపుచూపుగా వచ్చినవి కావు. ఈ చింతకొమ్మ మీద గుడ్డులోంచి బయటపడ్డ పిల్ల ఉద్దానం పిల్లే, మా అమ్మాయిలాగే.

ఈ సంగతి అప్పకి చెప్పాను, ఏదో కొత్త విషయం కనిపెట్టినట్టు. "సైబీరియా అని నువ్వన్నావు, టౌనోల్లన్నారు. మేమెప్పుడన్నాం? ఆడపిల్లలు పుట్టింటికొచ్చినట్టు ఒత్తారంటాం" అంది.

ఇది వట్టి పేరు పట్టింపు కాదండీ. ఎక్కడివో అనుకుంటే, రాకపోతే రాకపోయాయి అనుకుంటాం. కొల్లేరు కథ వినండి. పశ్చిమగోదావరి జిల్లా ఆరేడు దగ్గర గూడబాతుల పెద్ద గూళ్ల కాలనీ ఉందని 1946లో కె.కె. నీలకంఠన్ అనే పక్షి శాస్త్రవేత్త లోకానికి తెలియజేశారు. అప్పట్లో వేలల్లో ఉండేవట. 1970లు గడిచేసరికి అక్కడ గూడన్నది లేదు. తరాల తరబడి వచ్చిన చోటు కదా, ఎప్పటికీ వస్తాయిలే అనుకోవటానికి లేదు.

మా దగ్గరా అలాంటి భయం ఒకసారి పట్టుకుంది. 2021 డిసెంబరు, 2022 జనవరి నెలల్లో తేలినీలాపురంలో గూడబాతులు చెట్లమీంచి రాలిపడటం మొదలైంది. ఒకటీ రెండూ కాదు, నూటికి పైగా. అందరూ బర్డ్ ఫ్లూ అని హడలిపోయారు. పరీక్షలు చేసిన వాళ్లు చేపల ద్వారా కడుపులో చేరిన నులిపురుగులే కారణమన్నారు. ఆ వారం నేను కెమెరా లేకుండా వెళ్లాను. అప్ప గుమ్మంలోనే కూర్చుని ఉంది. "పెద్దయ్యే పోతన్నాయమ్మా, పిల్లలు పైన అరుత్తన్నాయి" అంది. ఆ అరుపులు నేనూ విన్నాను. గూడబాతు పిల్ల తల్లి గొంతులోకి తలదూర్చి తింటుంది. గొంతే రాకపోతే అది చేసేదేముంది? చెట్టువంక తలెత్తకుండా వచ్చేశాను.

తర్వాతి అక్టోబరులో వస్తాయో రావో అని ఊరంతా ఎదురుచూసింది. వచ్చాయి. అప్ప ఫోన్ చేసి "దిగేరు" అంది. ఇంకేం చెప్పలేదు, ఫోన్ పెట్టేసింది.

పక్షుల కడుపు నింపేది ఊళ్లోని చెట్టు కాదు, చుట్టూ ఉన్న తంపర నేలలు, చెరువులు. ఆ నేలలకోసం మా వైపు మనుషులు ప్రాణాలు కూడా ఇచ్చారు. 2010 జులైలో సోంపేట బీలలో, 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లిలో థర్మల్ కరెంటు ప్లాంట్లు వద్దని నిలబడిన వాళ్లమీద కాల్పులు జరిగాయి. వాళ్లు అడిగింది తమ చేపలూ, తమ పంటా. అదే నీళ్లలో కొంగలు కూడా తింటున్నాయి. సంతబొమ్మాళి మండలం మూలపేటలో రేవుకి 2023 ఏప్రిల్లో శంకుస్థాపన చేశారు. మా కుర్రాళ్లకి ఉద్యోగాలొస్తాయంటే సంతోషించని తల్లి ఉంటుందా? వలసపోయి ఎక్కడెక్కడో ఉన్నారు బిడ్డలు. అప్ప అల్లుడు కూడా ఆ ఉద్యోగంమీదే ఆశ పెట్టుకున్నాడు. నేను రెండువైపులా చూస్తుంటాను, తెల్లారేసరికి తేల్చిచెప్పటం నావల్ల కాదు.

ఫోటోలు తీయాలని సరదా ఉన్నవాళ్లకి నాకు తెలిసిన నాలుగు మాటలు చెప్తాను. పొద్దున్నే ఏడు, తొమ్మిది మధ్య వెళ్లండి. ఎండ మీ వీపుమీద పడేలా నిలబడండి. తెల్లపక్షి ఎండలో ఉంటే పాలు పొంగినట్టు తెలుపు పొంగిపోతుంది, ఈకల గీతలు కనబడవు. కెమెరాలో వెలుతురు ఒక మెట్టు తగ్గించుకోండి, ఫోన్లో అయితే తెరమీద వేలు పెట్టి కిందకి జరిపినా చాలు. ఫ్లాషు పూర్తిగా ఆపేయండి. చెట్టుకిందకి వెళ్లొద్దు, టవరు ఎక్కండి, లేదా ఎవరి అరుగుమీదైనా అడిగి కూర్చోండి. కొంగలు మెడలెత్తి మీవైపే చూస్తున్నాయంటే మీరు ఎక్కువ దగ్గరికి వచ్చారని అర్థం, నాలుగడుగులు వెనక్కి వెయ్యండి. డ్రోను అనే మాటే ఎత్తొద్దు. రెక్కలు విప్పిన ఫోటో కావాలా? కాసేపు కూర్చోండి. మగకొంగ పుల్ల పట్టుకుని రానే వస్తుంది. గూడు కట్టటం అయిపోయాక కూడా పుల్లలు తెస్తూనే ఉంటాయి, మా మావగారు సగం విరిగిన కుర్చీలు ఇంటికి తెచ్చినట్టు. అది దిగేటప్పుడు కాళ్లు ముందుకు చాపి, రెక్కలు పూర్తిగా విప్పి బ్రేకు వేస్తుంది. ఏ చప్పట్లూ అక్కర్లేదు. గూటిలోంచి పడిన పిల్ల కనబడితే ఎత్తుకుని సెల్ఫీలు దిగకుండా అటవీశాఖ వాళ్లకి చెప్పండి.

జూన్, జులైలోనే చూడాలనుకునేవాళ్లు ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి వెళ్లొచ్చు. అక్కడివి నత్తగుల్ల కొంగలు. ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది, అడకత్తెరలా. పొలాల్లో నత్తగుల్లలు ఏరి తింటాయి. తొలకరితో పాటే వస్తాయి కనక అవి వస్తే వాన వచ్చినట్టే అని అక్కడి రైతుల నమ్మకం. దాని సంగతి ఇంకోసారి.

మొన్న ఫిబ్రవరిలో నేను తీసిన ఒక ఫోటో ప్రింటు వేయించి అప్పకిచ్చాను. మిట్టమధ్యాహ్నం, కొంగ ఎండకి వీపుపెట్టి రెక్కలు విప్పి నిలబడింది. దాని తల కూడా కనబడదు, వీపే. రెక్క కిందనుంచి మాత్రం రెండు చిన్న ముక్కులు బయటికొచ్చాయి. ఫోటోగ్రాఫర్లు ఎవరైనా చూస్తే ఇదేం ఫోటో అంటారు. అప్ప కళ్లజోడు పెట్టుకుని, వెలుతురులోకి తిప్పి చాలాసేపు చూసింది.

"మొగం పడలేదేటి?"

"అటు తిరిగి ఉంది కదప్పా."

"ఊఁ. పిల్లలకి ఎండ తగలకుండా సూసుకోవద్దా మరి" అని, కూతురి పెళ్లిఫోటో పక్కన మేకుకి తగిలించింది. మనవడికి ఆరేళ్లిప్పుడు, సంక్రాంతి సెలవులకి వచ్చి ఇక్కడే ఉంటున్నాడు. ఎన్ని గూళ్లున్నాయో గొడుగు పట్టుకుని లెక్కపెడుతుంటాడు. అత్తగారు ఇంకా ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంటూనే ఉందట, కానీ వస్తోంది.

ఈసారి వెళ్లేటప్పుడు ఆవిడకి ఓ రెండు కిలోలు కొత్త చింతపండు పట్టుకెళ్లాలి. గింజ తీసింది.